జబ్బలో పుల్ల

పలాస జీడిపప్పు షెడ్డులో పద్దెనిమిదేళ్ళు పొట్టు తీశాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, నా వేళ్ళకు కళ్ళున్నాయని అక్కడి ఆడవాళ్ళంతా అనేవారు. పప్పు వేళ్ళ మధ్యకు వస్తే చాలు, లోపల పగులుందో లేదో తెలిసిపోయేది. ఎవరి అరచేతిలోనైనా పెంకు ముక్క దిగితే మేస్త్రీ యువరాజు ఆసుపత్రి పేరు ఎత్తేవాడు కాదు, "దాలమ్మ దగ్గిరికెల్లు" అనేవాడు. నేను పొట్టు తీసే చిన్న కత్తినే దీపం మీద కాల్చి, కళ్ళు మూసుకుని తడిమి, పైకి లాగేసేదాన్ని. కళ్ళు మూసుకోవడం కొంత వేషమే. నలుగురూ చుట్టూ చేరి చూస్తుంటే ఎవరికి మాత్రం వేషం ఉండదు?

ఊళ్ళో ఆశా కార్యకర్త పని వచ్చాక షెడ్డు మానేశాను. బాలింతలు, టీకాలు, కిడ్నీ పరీక్షలకు జనాన్ని బండెక్కించడం, ఏడాదికోసారి ఇల్లిల్లూ తిరిగి కుష్టు మచ్చలు వెతకడం, అన్నీ నా నెత్తినే. నా మొగుడు సన్యాసికి కూడా మా ఉద్దానం కిడ్నీ రోగమే పట్టుకుంది. వారానికి మూడు రోజులు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుంటాడు. మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా ఉద్యోగం మీదే. ఈ సంగతి ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, తరవాత చెబితే సాకులా ఉంటుంది. ఇప్పుడు చెప్పినా సాకే అనుకోండి.

రెండేళ్ళ కిందట పెద్దాసుపత్రిలో పిల్లలు పుట్టకుండా కొత్త పద్ధతి పెట్టారు. అగ్గిపుల్ల కంటే కాస్త పొడవు, నున్నగా తెల్లగా ఉండే పుల్ల. జబ్బ లోపలివైపు చర్మం కింద పెడతారు. మూడేళ్ళు కడుపు రాదు. మా ఊళ్ళో దానికి 'సేతిపుల్ల' అని పేరు పెట్టేశారు. చాలామందిని నేనే ఒప్పించి తీసుకెళ్ళాను. అందులో స్వాతి ఒకతె.

స్వాతి మా కన్నవారి ఊరి పిల్ల. నన్ను పిన్నీ అంటుంది. ఇద్దరు ఆడపిల్లలు. మొగుడు ఢిల్లీబాబు చెన్నైలో వెల్డింగు పనికి పోయి ఏడాదికి రెండుసార్లు వస్తాడు. అత్త రత్నాలమ్మకు మనవడు కావాలి. ఆపరేషన్ మాటెత్తితే ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకే పుల్ల సంగతి ఇంట్లో చెప్పొద్దని నేనే అన్నాను. "ఎవులికీ తెల్దు. ఒద్దనుకుంటే సిటికెలో తీసెత్తారు" అన్నాను. ఆసుపత్రిలో మేడమ్ "ఏ చేత్తో తింటావమ్మా?" అని అడిగి, ఎడమ జబ్బలో పెట్టింది.

షెడ్డులో ఇప్పుడు గుండుపప్పు తీయడంలో స్వాతిని మించినవాళ్ళు లేరు. బద్ద కాకుండా, గీత పడకుండా పప్పును బయటికి తెస్తుంది. పొట్టు తీసేటప్పుడు కత్తి పట్టిన చెయ్యే గొప్పదని చూసేవాళ్ళు అనుకుంటారు. అది తప్పు. కుడిచెయ్యి ఊరికే గీకుతుంది. పప్పును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోవడం, తిప్పడం, ఎంత నొక్కితే విరుగుతుందో కనిపెట్టడం, పనంతా ఎడమచేతిది. ఆ చెయ్యి మీదే ఇద్దరు పిల్లల చదువు, అత్త ముందు ఆమె తలెత్తుకుని తిరగడం, అన్నీ నడుస్తున్నాయి.

పుల్ల పెట్టించుకున్నవాళ్ళలో కొందరికి నెలసరి తప్పుతుంది. కొందరికి అదుపు లేకుండా కనిపిస్తూనే ఉంటుంది. మా ఊరి కూర్మయ్య కోడలికి అలాగే అయింది. ఆసుపత్రికి మూడుసార్లు తిరిగింది. తీసే మేడమ్ సెలవులో ఉందన్నారు ఒకసారి, ట్రైనింగుకు వెళ్ళిందన్నారు ఇంకోసారి. చివరికి నా దగ్గరకొచ్చి ఏడ్చింది. దాని పుల్ల చర్మం కిందే చీపురుపుల్లలా తేలి కనిపిస్తోంది. కొత్త బ్లేడుతో చిన్న గాటు పెట్టి, పైన పట్టిన పల్చటి పొరను చీల్చి, చిమటాతో లాగేశాను. ఐదు నిమిషాల పని. అది నా కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళింది. నాకు నేనే డాక్టరులా కనిపించాను. ఆ మొదటిదే చెడిపోయి ఉంటే ఎంత బావుండేదో అని ఇప్పుడనిపిస్తుంది. పాపిష్టి ఆలోచనే. అయినా అనిపిస్తుంది.

స్వాతికీ రక్తం ఆగలేదు. నెలలో సగం రోజులు బయట కూర్చోవలసి వచ్చేది. "ఏటే, ఈ పాలి ఎన్నాల్లుంతావు బయట? రోగమేటైనా తెచ్చుకున్నావేటి?" అని రత్నాలమ్మ వీధిలో నిలబడి అడిగేది. అంతలో అమ్మవారి సంబరం వచ్చింది. మా ఊళ్ళో అది మూడేళ్ళకోసారి. పసుపునీళ్ళు, వేపమండలు పెట్టిన కుండను ముర్రాట అంటాం. మొదటి ముర్రాట రత్నాలమ్మ ఇంటి కోడలే ఎత్తాలి. అది వాళ్ళ ఇంటిపేరుకు తాతల నాటి నుంచి ఉన్న మర్యాద. ముట్టుతో ఉన్నది ఎత్తితే ఊరికి అరిష్టమంటారు.

స్వాతిని నేనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ జబ్బ అంతా నొక్కి చూసింది.

"పుల్ల చేతికి తగలడం లేదు. లోతుకు పోయినట్టుంది. స్కానింగులో ఎక్కడుందో చూసుకుని సర్జన్ తియ్యాలి. వచ్చే నెల ఇంట్లోవాళ్ళను తీసుకుని రండి" అంది. తరవాత నా వైపు తిరిగి, "ఈలోగా ఎవరూ కెలక్కూడదు. అక్కడ చేతికి వెళ్ళే నరాలుంటాయి" అంది. ఆ మాట నేను విన్నాను. వినలేదని ఎక్కడా చెప్పను.

ఆటోలో వస్తున్నప్పుడు స్వాతి నా మోచెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, సంబరానికింక తొమ్మిది రోజులే. ఇంట్లోవోల్లని తీసుకెల్తే ఇంకేటుంది, నన్ను సంపీసి పాతరేత్తారు. కూర్మయ్యమావ కోడలికి నువ్వే తీసినావంట కదా. నాకూ తీసీ."

"డాట్రమ్మ ఒద్దంది కదే."

"డాట్రమ్మకి తగల్నేదు. నీకు తగుల్తాది. నీ సేతి సంగతి నాకు తెల్దేటి?"

ఆ మాటకు పొంగిపోయాను. ఇంకేమీ కాదు. జాలి, భయం, అమ్మవారు, అన్నీ తరవాత. ముందు పొంగిపోయాను.

మర్నాడు సన్యాసి డయాలసిస్‌కు వెళ్ళాక మధ్యాహ్నం పూట తలుపేసుకున్నాం. చేపలమ్మేవాళ్ళ దగ్గర ఐసుముక్క తెచ్చి తిమ్మిరెక్కేదాకా జబ్బ మీద పెట్టాను. ఎర్రమందు రాశాను. స్వాతి చాప మీద పడుకుని చెయ్యి తల కిందకు మడిచింది. నేను కళ్ళు మూసుకుని తడిమాను. మొదట ఏమీ తగల్లేదు. ఇంకా లోపలికి నొక్కితే, కండల మధ్య తాడులాంటిది వేలి కింద దొర్లింది.

"దొరికిందే" అన్నాను. ఆ డాక్టరమ్మ వేళ్ళకేం తెలుసు, పెన్ను పట్టుకునే వేళ్ళు, అని మనసులో అనుకున్నాను కూడా.

చీరకొంగు నోట్లో కుక్కుకోమని గాటు పెట్టాను. కూర్మయ్య కోడలికి పెట్టినదానికంటే లోతుగా వెళ్ళాల్సి వచ్చింది. రక్తం అద్దుతూ వెళ్తే లోపల తెల్లగా, నిగనిగలాడుతూ కనబడింది. పుల్ల తెల్లగానే ఉంటుంది కదా. చిమటాతో పట్టుకుని లాగాను. రాలేదు. కూర్మయ్య కోడలికీ మొదట రాలేదు, పొర చీల్చాకే వచ్చింది. ఇదీ అంతే అనుకుని బ్లేడు మొన ఆనించి గీరాను.

నోట్లో కొంగు ఉన్నా స్వాతి అరుపు వీధిలోకి వెళ్ళింది.

"సిటికినేలు! సిటికినేలికి కరెంటు కొట్టీసింది పిన్నీ! ఒగ్గీ! ఒగ్గీ!"

పద్దెనిమిదేళ్ళు పెంకు ముక్కలు తీశాను. జబ్బలో గుచ్చితే వేలిలో అరిచినవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు. నా చిమటాలో ఉన్నది మెత్తబడి, జారి లోపలికి పోయింది. పుల్ల అలా మెత్తబడదు. నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఏమిటో పేరు తెలియదు గానీ, తియ్యకూడనిదాన్ని పట్టుకున్నానని తెలిసింది. గుడ్డ కుక్కి కట్టు కట్టాను.

"ఒచ్చిందా?" అనడిగింది.

"రానేదే. లోతుగుంది."

"మరి నా ఏల్లేటి, మొద్దుబారిపోనాయి?"

"ఐసు పెట్టినాం కదా. తగ్గిపోద్ది."

సంబరం రోజుకు ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరంవేలు లోపలికి మడుచుకుని ఉన్నాయి. స్వాతి కొత్తచీర కట్టుకుని, ముర్రాట నెత్తిన పెట్టుకుని, కుడిచేత్తో పట్టుకుని ఊరంతా నడిచింది. డప్పుల ముందు రత్నాలమ్మ మురిసిపోతూ నడిచింది. ఢిల్లీబాబు సెల్లులో వీడియో తీశాడు. గుడి వెనక నీళ్ళు తాగే నెపంతో స్వాతి నా పక్కకొచ్చి, "పిన్నీ, రాత్తిరి నుంచీ మళ్ళీ అవుతోంది. సెప్పనేకపోయాను" అంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రోజు ఆమె మైలతోనే ముర్రాట మోసింది. అమ్మవారు ఏమీ అనలేదు. వానలు పడ్డాయి, జీడిపిక్కల ధర బాగానే పలికింది, ఊళ్ళో ఎవరికీ ఏ అరిష్టమూ రాలేదు. ఎందుకోసం కోశానో ఆ పనికి కోతే అక్కర్లేకపోయింది.

రెండో వారంలో నాకు నిద్ర పట్టడం మానేసింది. టెక్కలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సు సుప్రజ నాకు ట్రైనింగులో పరిచయం. ఫోన్ చేసి, పక్క ఊరిలో ఎవరికో ఇలా జరిగిందట అని అడిగాను.

"నరం తెగిందది. అక్కా, ఆమెను ఇవాళే విశాఖపట్నం పంపండి. రెండు కొసలూ కలిపి కుడతారు. ఎంత తొందరగా కుడితే అంత మంచిది. ఆలస్యమైతే చేతిలో కండలు ఎండిపోతాయి, తరవాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఎవరక్కా ఆ కోసింది? కేసయిపోతుంది!" అంది.

కేసు అన్న మాట చెవిలో పడ్డాక మిగతా మాటలన్నీ చిన్నవైపోయాయి. విశాఖపట్నంలో అడుగుతారు. స్వాతి చెప్పకపోయినా పుల్ల బయటపడుతుంది, పుల్ల వెనక నేను బయటపడతాను. ఉద్యోగం పోతుంది, సన్యాసి డయాలసిస్‌కు ఆటో ఎక్కలేడు. ఆ సాయంత్రం స్వాతి ఇంటికి బలం మాత్రలు, నువ్వులనూనె పట్టుకెళ్ళాను.

"నరం వాసిందంట. తోమితే నెమ్మదిగా తగ్గిపోద్దంట. నానడిగొచ్చినాను" అన్నాను.

ఆ పిల్ల చెయ్యి చాపింది. నేను కూర్చుని తోమాను. రోజూ వెళ్ళి తోమాను. చూసినవాళ్ళు పిన్ని అంటే ఇలా ఉండాలి అన్నారు.

వర్షాకాలం వచ్చేసరికి పప్పు స్వాతి వేళ్ళ మధ్య నిలవడం లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ గుంటపడింది. గుండ్లన్నీ బద్దలవుతున్నాయని యువరాజు ఆమెను పొట్టు తీసే వరస నుంచి లేపి పెంకులు ఊడ్చే పనికి పెట్టాడు. ఒకరోజు పప్పు కాల్చే రేకుకు చిటికెనవేలు ఆనుకుని ఉంటే, పక్కమనిషి కాలిన వాసన చూసి కేకేసే దాకా ఆమెకు తెలియలేదు. "నొప్పెట్టనేదు పిన్నీ" అని బొబ్బ చూపించి నవ్వింది. అప్పుడైనా చెప్పొచ్చు. అప్పటికీ కొంత కాలం మిగిలే ఉంది. నేను బొబ్బకు మందు రాశాను.

దసరా వెళ్ళాక కుష్టు సర్వే వచ్చింది. మాతోపాటు పై నుంచి జగదీశ్వరరావు అనే సూపర్‌వైజర్ తిరిగాడు. స్వాతి మడుచుకుపోయిన వేళ్ళు చూడగానే ఆగాడు. కళ్ళు మూసుకోమని, "పెన్ను తగిలినప్పుడు చెప్పమ్మా" అన్నాడు. చిటికెనవేలి మీద, అరచేతి అంచు మీద, ముంజేతి లోపల వరసగా తాకించాడు. స్వాతి కళ్ళు మూసుకుని, పెన్ను ఇంకా తగల్లేదనుకుని, శ్రద్ధగా ఎదురుచూస్తూ కూర్చుంది. నేను ఆ మొహం చూడలేక రిజిస్టరు తిప్పాను.

"ఇంత ముదిరేదాకా మీరేం చేస్తున్నారు?" అన్నాడు నాతో. గుమ్మడికాయల దొంగలా నేను కొంగు సర్దుకున్నాను. "జబ్బ మీద ఈ మచ్చేంటమ్మా?" అన్నాడు స్వాతితో.

"సెగ్గడ్డ కోసినారండి" అంది స్వాతి. నా వైపు చూడకుండా అంది.

కుష్టు అనుమానం అని రాసి, విశాఖపట్నంలో నరాల పరీక్షకు పంపాడు. వెళ్ళే రోజు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఊరు చెయ్యాల్సిందంతా చేసింది. రత్నాలమ్మ కోడలికి వేరే కంచం పెట్టింది. చిన్నపిల్లను తన పక్కలోకి మార్చేసింది. తినే వస్తువు, జనం కొనరు అని యువరాజు షెడ్డుకు రావద్దన్నాడు. ఢిల్లీబాబు చెన్నై నుంచి ఫోన్ చెయ్యడం మానేశాడు. ఆశా కార్యకర్తగా నేను ఇంటింటికీ వెళ్ళి, కుష్టు ముట్టుకుంటే అంటుకోదు, మందులున్నాయి, ఆ పిల్లను అలా చూడకండి అని చక్కగా చెప్పాను. ఆమెకు కుష్టు లేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఊరంతటిలో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే, నాకూ స్వాతికీ. ఆమె తన పుల్ల బయటపడకూడదని నోరు మూసుకుంది. నేను ఆమె వెనక దాక్కున్నాను.

విశాఖపట్నం కూడా నేనే తోడు వెళ్ళాను. నరాల డాక్టరు పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు. సూదులు పెట్టి పరీక్ష చేశాడు, జబ్బ స్కానింగు తీయించాడు. తెర మీద సన్నటి గీత చూపించాడు.

"ఇది కుష్టు కాదమ్మా. ఇదిగో, గర్భం రాకుండా పెట్టే పుల్ల ఇక్కడే ఉంది. దీన్ని తియ్యబోయి ఎవరో పక్కనున్న నరం కోసేశారు. ఎవరు?"

స్వాతి తల దించుకుంది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. చెప్పేస్తే బావుణ్ణు అని కూడా అనుకున్నాను. నిజం.

"నానే కోసుకున్నానండి. ఎవులూ కాదు" అంది.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎప్పుడు?"

"వైశాఖంలో అండి."

"ఆరునెలలు దాటింది. మొదటి వారాల్లో వచ్చి ఉంటే కుట్టేవాళ్ళం. అంతా కాకపోయినా స్పర్శ, పట్టు కొంతైనా వచ్చేవి. ఇప్పుడు కండలు ఎండిపోయాయి. పుల్ల మేం తీసేస్తాం. వేళ్ళు మరీ ముడుచుకుపోకుండా ఒక ఆపరేషన్ చెయ్యొచ్చు. కానీ సన్నపని ఇక ఈ చేత్తో అవదమ్మా. ఏం పని చేస్తావు?"

"జీడిపప్పు తీత్తానండి" అంది. తీసేదాన్ని అనలేదు.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాం. కుష్టు కాదని రాసిన కాగితం ఆమె ఒళ్ళో ఉంది. ఇంటికెళ్ళి దాన్ని చూపిస్తే పుల్ల సంగతి తెలుస్తుంది, చూపించకపోతే కుష్టుదానిగానే ఉండాలి. రెండింట్లో ఏది నయమో ఆమె ఆలోచిస్తోందనుకున్నాను. ఆమె ఆలోచిస్తున్నది అది కాదు.

"పిన్నీ."

"ఏటే?"

"ఎంటనే ఒచ్చుంటే కుట్టీసీవోలంట. నీకు తెల్దా?"

అడగడంలో అనుమానం లేదు. ఊరికే అడిగింది, ఇంట్లో ఉప్పుందా అని అడిగినట్టు. సుప్రజ ఫోనులో అన్న ప్రతి మాటా నాకు గుర్తుంది. అప్పటికి పదమూడు రోజులే అయింది. అదీ గుర్తుంది.

"నాకూ తెల్దే" అన్నాను.

"నీకెలాగ తెలుత్తాదిలే. నువ్వేటి డాట్రువా" అంది.

నమ్మింది. బస్సుకు వేళవుతోందని లేచింది. నాకు మోకాళ్ళ నొప్పులని తెలుసు కాబట్టి నా సంచీ కూడా భుజాన వేసుకుని, నేను లేవడానికి తన కుడిచెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకుని లేచాను.